పన్నెండు జెర్సీల దారి

టొరాంటో నడిబొడ్డున, యంగ్ వీధీ ఫ్రంట్ వీధీ కలిసే మూల మీద, 1885లో కట్టిన పాత బ్యాంకు భవనం ఒకటి ఉంది. ఐస్ హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ ఇప్పుడు అందులోనే. రంగుటద్దాల గుమ్మటం కింద నేషనల్ హాకీ లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్పు, చుట్టూ గాజు పలకల మీద మహా ఆటగాళ్ళ ముఖాలు, ఖజానా గదిలో 1892 నాటి అసలు వెండి గిన్నె. బయట చలికి వీధుల్లో జనం తలలు వంచుకుని గబగబా నడుస్తుంటే, లోపల తాతలు మనవళ్ళకు ఒక్కో పేరూ చూపించి తీరుబడిగా కథలు చెబుతుంటారు. ఈ దేశంలో కొత్తవాళ్ళతో మాట కలపడానికి వాతావరణం తర్వాత హాకీయే దారి. ఆ స్టాన్లీ కప్పు మీద పేరు చెక్కించుకోవాలంటే, మామూలు నిబంధన ప్రకారం, ఆ ఏడాది జట్టు ఆడిన లీగ్ మ్యాచుల్లో సగమైనా ఆడాలి, లేదా ఫైనల్లో ఒక్కటైనా ఆడాలి. నేషనల్ హాకీ లీగ్ 1917లో పుట్టింది. అప్పటి నుంచి అందులో ఆడినవాళ్ళు 8,000 మందికి పైమాటే. ఈ గుమ్మటం కింద చోటు దక్కిన ఆటగాళ్ళు సుమారు 300 మంది. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది ఏ ఒక్క జట్టుకీ ముద్దుబిడ్డలు కాకుండా, ఊరి నుంచి ఊరికి, లీగు నుంచి లీగుకి సామాను సర్దుకుంటూ వృత్తి సాగించినవాళ్ళు. వాళ్ళను పైకి రాలేకపోయినవాళ్ళుగా లెక్కేయడం లోకం అలవాటు. టొరాంటో నుంచి నయాగరా, పిట్స్‌బర్గ్, జాన్స్‌టౌన్ మీదుగా హెర్షీ దాకా సాగిన ఈ దారి చూశాక నాకు ఆ లెక్క తప్పనిపిస్తోంది. ఈ ఆట ఒక వృత్తిగా నిలబడి ఉన్నది జట్లు మారే ఈ మనుషుల పనితనం మీదే. వాళ్ళను పతకాలతో తూచకూడదు. ఎన్నిచోట్ల, ఎంతకాలం వాళ్ళ పని అవసరపడిందో చూడాలి.

మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆట. ఇది వేరు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు పలక, చుట్టూ గోడ, గోడ మీద గాజు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ, దాని పేరు పక్. ఒక మ్యాచ్‌కి జట్టు తరఫున 18 మంది స్కేటర్లు, ఇద్దరు గోల్‌కీపర్లు సిద్ధమవుతారు కానీ, మంచు మీద ఒకేసారి ఉండేది ఆరుగురే. ముప్పావు నిమిషం పాటు ఒంట్లో శక్తంతా పెట్టి ఆడి, బెంచీ మీదికి వచ్చి పడాలి. ఆ క్షణమే ఇంకొకడు గోడ దూకి లోపలికి వెళ్ళాలి. దాడిచేసే ఆటగాళ్ళు ముగ్గురేసి చొప్పున నాలుగు వరసలుగా ఉంటారు. మొదటి వరస గోల్స్ కొడుతుంది, కెమెరాలు దాని వెంటే తిరుగుతాయి. నాలుగో వరసకు రాత్రంతా కలిపి దక్కేది పది నిమిషాలు. ఆట మొదలుపెట్టే ఫేస్ఆఫ్‌లో పక్‌ను గెలిచి మనవాళ్ళకు అందించడం, శిక్ష పడి జట్టులో ఒక మనిషి తగ్గినప్పుడు కాపు కాయడం, దూసుకొచ్చే పక్‌కి కాలో ఛాతీయో అడ్డుపెట్టడం వంటివి దాని పనులు. వీటికి చప్పట్లు తక్కువ, గాయాలు ఎక్కువ. సస్కాచెవాన్ మైదానాల్లోని రెజైనాలో పుట్టిన మైక్ సిలింజర్‌కు చివరికి పేరు తెచ్చినవి ఇలాంటి పనులే. కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే 1989 డ్రాఫ్టులో డెట్రాయిట్ జట్టు అతన్ని 11వ స్థానంలో, పెద్ద ఆశలతో ఎంచుకుంది. అతను మాత్రం 12 జట్ల జెర్సీలు తొడిగి, 9 సార్లు ట్రేడ్ అయి, ఆ విషయంలోనే లీగ్ చరిత్రకెక్కాడు. 1,049 మ్యాచులు, 240 గోల్స్. కప్పు మీద మాత్రం అతని పేరు లేదు.

మొదటి అభ్యంతరం ఇక్కడే వస్తుంది. తొమ్మిదిసార్లు పంపించేశారంటే అక్కర్లేకపోయాడనే కదా అర్థం? ఇందులో సగం నిజముంది. మొదటి వరసలో వెలిగే ఆటగాణ్ణి ఏ జట్టూ చేజేతులా వదులుకోదు. కానీ ట్రేడ్ రెండు పక్షాల వ్యవహారం. ఒకరు వదిలితే సరిపోదు, ఇంకొకరు తమ దగ్గరున్నది ఏదో ఇచ్చుకుని తీసుకోవాలి. 2003 జులైలో కొలంబస్ జట్టు అతన్ని డాలస్‌కి ఇచ్చింది. అదే రోజు డాలస్ అతన్ని ఫీనిక్స్‌కి ఇచ్చేసింది. ఒక్క పూట కూడా ఆడకుండానే ఒక జట్టుకు మాజీ అయిపోయిన ఈ మనిషి, ఆ తర్వాత సెయింట్ లూయిస్, నాష్‌విల్ జట్ల మధ్య పంచుకున్న 2005-06 సీజన్లో 32 గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది న్యూయార్క్ ఐలాండర్స్ తరఫున, 35 ఏళ్ళ వయసులో, 59 పాయింట్లు (గోల్సూ, గోల్స్‌కి అందించిన పాస్‌లూ కలిపి) సాధించాడు. స్కేటింగ్ మీద బతికే ఆటలో ఆ వయసుకి చాలామంది ఇంటికి చేరి ఉంటారు. అక్కర్లేని మనిషికి వెయ్యి మ్యాచులు ఎవరూ ఇవ్వరు. మన ఐపీఎల్‌లో 9 జట్లకు ఆడిన ఆరన్ ఫించ్‌ను చూడండి. హైదరాబాద్ జెర్సీ కూడా వేసుకున్న అతనే 2021లో ఆస్ట్రేలియాకు టీ20 ప్రపంచకప్ అందించిన కెప్టెన్. ఒకచోట పాతుకుపోవడానికీ యోగ్యతకీ మనం అనుకునేంత దగ్గర చుట్టరికం లేదు. అయితే ఐపీఎల్ రెండు నెలల ముచ్చట, దాని కోసం ఎవరి పిల్లలూ బడి మారరు. హాకీ సీజన్ అక్టోబర్‌లో మొదలై ఏప్రిల్ దాకా నడుస్తుంది. సిలింజర్ కొడుకు కోల్ 2003 మేలో కొలంబస్‌లో పుట్టాడు. బిడ్డకు రెండు నెలలు నిండేసరికి తండ్రి ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారింది. 2021లో అదే కొలంబస్ జట్టు ఆ కోల్‌ను డ్రాఫ్టులో 12వ స్థానంలో తీసుకుంది.

హాల్ ఆఫ్ ఫేమ్ నుంచి తూర్పుకి నడిస్తే సెయింట్ లారెన్స్ మార్కెట్ వస్తుంది. మొక్కజొన్న పిండి అద్దిన పంది మాంసం ముక్కలను బన్నులో పెట్టి ఇచ్చే పీమీల్ శాండ్‌విచ్ ఇక్కడి ప్రత్యేకం. వరసలో పొరపాటున భుజం తగిలితే తగిలించుకున్నవాడే క్షమాపణ చెబుతాడు. టొరాంటో మర్యాద అది. ఇంకాస్త ఉత్తరంగా వెళితే రీజెంట్ పార్క్. కెనడాలో పేదల కోసం 1940ల చివర మొదలైన తొలి పెద్ద ప్రభుత్వ గృహ సముదాయం ఇదే. ఇప్పుడు పాత కట్టడాలు చాలావరకు పోయి అద్దాల మేడలు లేచాయి. హాకీకి స్కేట్లు, కర్రలు, కవచాలు, రింకు అద్దె అన్నీ తల్లిదండ్రుల జేబులోంచే పోవాలి. అలాంటి ఖరీదైన ఆటలోకి ఈ పేట నుంచి వెళ్ళినవాడు గ్లెన్ మెట్రోపొలిట్. ఏ జట్టూ అతన్ని డ్రాఫ్టులో తీసుకోలేదు. అమెరికా దక్షిణాదిన, కింది మెట్టు లీగ్ అయిన ఈసీహెచ్ఎల్‌లో మొదలుపెట్టి, మెట్టు మెట్టూ ఎక్కి, ఏడు నేషనల్ లీగ్ జట్లకు 407 మ్యాచులు ఆడాడు. మధ్యలో ఫిన్లాండ్ వెళ్ళాడు, స్విట్జర్లాండ్‌లో లుగానో జట్టుతో 2006లో జాతీయ టైటిల్ గెలిచాడు, తర్వాత జర్మనీ, ఇటలీ జట్లకూ ఆడాడు. సిలింజర్ కథ పైమెట్టు మీద పక్కకు జరుగుతూ సాగింది, మెట్రోపొలిట్ కథ మెట్లు ఎక్కుతూ దిగుతూ సాగింది. ఇద్దరిలోనూ సమానంగా ఉన్నది ఒక్కటే: కొత్త ఊరు, కొత్త కోచ్, కొత్త పథకం, వారం తిరిగేలోగా పనికొచ్చే మనిషిగా నిరూపించుకోవాలి. ఒకే జట్టులో పదేళ్ళు ఉన్న తారకు ఈ పరీక్ష ఒక్కసారే. వీళ్ళకు ప్రతి మజిలీలోనూ.

టొరాంటో నుంచి నయాగరాకి క్వీన్ ఎలిజబెత్ వే అనే పెద్ద రోడ్డు ఒంటారియో సరస్సును చుట్టుకుని పోతుంది. హామిల్టన్ ఉక్కు కర్మాగారాల పొగ దాటాక ఒకవైపు బూడిదరంగు నీళ్ళు, మరోవైపు ఆకు రాలిన ద్రాక్షతోటలు, పీచ్ తోటలు. ఎక్కడ ఆగినా టిమ్ హార్టన్స్ కాఫీ దుకాణమే. కౌంటర్ వెనక తరచుగా కనిపించేది మన దేశం నుంచి చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలు. వాళ్ళలో తెలుగువాళ్ళకు కొదవలేదు. ఆ బోర్డు మీది పేరు ఒక హాకీ ఆటగాడిదని వాళ్ళలో ఎందరికి తెలుసో. టిమ్ హార్టన్ టొరాంటోకు నాలుగు స్టాన్లీ కప్పులు గెలిపించిన డిఫెన్స్ ఆటగాడు. ఆ రోజుల్లో అంతటివాడికి కూడా ఆట జీతం భవిష్యత్తుకు భరోసా కాదు, అందుకే 1964లో హామిల్టన్‌లో డోనట్ల దుకాణం పెట్టుకున్నాడు. 1970లో టొరాంటో అతన్ని న్యూయార్క్‌కి పంపేసింది. తర్వాత పిట్స్‌బర్గ్, ఆపైన బఫలో. 1974 ఫిబ్రవరిలో టొరాంటోలో బఫలో తరఫున మ్యాచ్ ఆడి, రాత్రివేళ ఇదే రోడ్డు మీద కారులో తిరిగి వెళుతూ సెయింట్ క్యాథరిన్స్ దగ్గర ప్రమాదంలో పోయాడు. అప్పటికి 44 ఏళ్ళు, ఇంకా ఆడుతూనే ఉన్నాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న మనిషి కూడా చివరి నాలుగేళ్ళూ జట్లు మారుతూ గడిపాడన్నది గమనించాల్సిన సంగతి. వయసు మీదపడితే తారకూ సామాన్యుడికీ దారి ఒకటే అవుతుంది.

నయాగరా దగ్గర చలికాలపు జలపాతం మన ఫొటోల్లో కనిపించే వేసవి జలపాతం కాదు. తుంపర చెట్ల మీద, రెయిలింగుల మీద పడి గడ్డకట్టి, అంతా గాజుతో పోతపోసినట్టు ఉంటుంది. యాత్రికులు జలపాతం చూసి వెళ్ళిపోతారు. కానీ కింది లీగుల ఆటగాళ్ళ సంఘమైన ప్రొఫెషనల్ హాకీ ప్లేయర్స్ అసోసియేషన్ కార్యాలయం ఈ నయాగరా ప్రాంతంలోనే ఉంది. 1967లో ఏర్పడింది. అలాంటి సంఘం ఎందుకు అవసరపడిందో తెలియాలంటే మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ కథ వినాలి. అక్కడి జట్టు యజమాని ఎడ్డీ షోర్, తన కాలంలో మహా ఆటగాడు, హాల్ ఆఫ్ ఫేమ్ సభ్యుడు. యజమానిగా మాత్రం జట్టులో చోటు దొరకని ఆటగాళ్ళ చేత కుర్చీలకు రంగులు వేయించినవాడు, ప్రేక్షకులకు పాప్‌కార్న్ వేయించినవాడు. 1966 డిసెంబర్లో అతను ముగ్గురిని సస్పెండ్ చేస్తే మిగతా ఆటగాళ్ళంతా ఆడం అని కూర్చున్నారు. పెద్ద లీగులో ఆటగాళ్ళ సంఘం బలపడడానికి ఆ తిరుగుబాటు దారివేసింది. ఇది నా వాదనకు రెండు వైపులా పదునుగా ఉంది. జట్లు మారే ఆటగాడు వృత్తికి మూలస్తంభమని నేనంటున్నాను. ఆ స్తంభాన్ని వాడుకున్నవాళ్ళు దాన్ని ఎంత చులకన చేశారో స్ప్రింగ్‌ఫీల్డ్ చెబుతోంది. కానీ తమ హక్కులు తారలు తెచ్చిపెట్టే దాకా వాళ్ళు చూస్తూ కూర్చోలేదని కూడా అదే కథ చెబుతోంది.

సరిహద్దు దాటితే బఫలో. వేయించిన కోడి రెక్కలకు కారం, వెన్న పట్టించి తినిపించే ఊరు. మన నోటికి ఆ కారం ఒక లెక్కలోది కాదు. అమెరికాలో అడుగుపెట్టాక మనవాళ్ళకు గుర్తొచ్చేది వీసా. కెనడా, యూరప్ దేశాల నుంచి వచ్చే హాకీ ఆటగాడికీ అదే చింత. చిన్న లీగుల ఆటగాళ్ళు చాలాకాలం హెచ్-2బీ కోటాలో హోటళ్ళ, తోటల సీజను కూలీలతో కలిసి వరసలో నిలబడ్డారు. 2006లో చట్టం మార్చి వాళ్ళకు పీ-1 వీసా తలుపు తెరిచారు. అక్షరం ఏదైనా, అది జట్టుతో ముడిపడిన అనుమతే. ఉద్యోగం పోతే దేశంలో ఉండే హక్కు గురించి కంగారు పడడం ఎలా ఉంటుందో హెచ్-1బీ మీద ప్రాజెక్టులు మారే తెలుగు ఇంజినీర్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇక ఒప్పందం సంగతి. చాలామందికి రెండు జీతాల ఒప్పందం ఉంటుంది. పెద్ద లీగులో కనీస జీతం 2025-26 సీజనుకు 7,75,000 డాలర్లు. అదే మనిషిని కిందికి పంపితే ఆ రోజు నుంచి అమెరికన్ హాకీ లీగ్ లెక్క, అది దానిలో చిన్న వంతు. ఇంకా కింద ఈసీహెచ్ఎల్‌లో వారానికి కొన్ని వందల డాలర్లు, జట్టు ఇచ్చే అపార్ట్‌మెంటు. కొంత అనుభవం ఉన్న ఆటగాణ్ణి కిందికి దించాలంటే ముందు వేవర్స్ అనే జాబితాలో పెట్టాలి. 24 గంటల్లోగా మిగతా జట్లలో ఏదైనా బదులుగా ఏ ఆటగాణ్ణీ ఇవ్వకుండానే ఎత్తుకుపోవచ్చు. అంటే ఒక మనిషి తాను ఎవరికీ అక్కర్లేదో, ఎవరికో కావాలో ఒక్క రోజులో బహిరంగంగా తేలిపోతుంది. ఇంత పచ్చిగా విలువ కట్టే ఉద్యోగం ఇంకోటి వెతకడం కష్టం.

బఫలో నుంచి ఈరీ సరస్సు ఒడ్డునే నైరుతికి సాగి, దక్షిణానికి మళ్ళితే పిట్స్‌బర్గ్. రెండు నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట, వంతెనల మధ్య ఒదిగిన పాత ఉక్కు నగరం. తెలుగువారికి ఈ ఊరు వేంకటేశ్వరుడి ఊరు. పెన్ హిల్స్ కొండ మీద 1976 నుంచి తెల్లగా వెలుగుతున్న గుడి, దర్శనం అయ్యాక పులిహోర, పెరుగన్నం. ఒకప్పుడు ఇదే నగరంలో హార్నెట్స్ అనే అమెరికన్ లీగ్ జట్టు ఉండేది. టిమ్ హార్టన్ టొరాంటోలో స్థిరపడే ముందు మూడేళ్ళు ఇక్కడే పని నేర్చుకున్నాడు. విల్లీ మార్షల్ కూడా ఇక్కడ ఆడాడు. ఇక్కడ రెండో అభ్యంతరం తీసుకోవాలి. సిలింజర్, మెట్రోపొలిట్ ఎలాగోలా పైమెట్టు ఎక్కారు, ఎక్కనే లేనివాళ్ళ మాటేమిటి, వాళ్ళు మాత్రం ఓడినట్టే కదా అని. మార్షల్ అమెరికన్ లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించిన ఆటగాడు: 1,205 మ్యాచులు, 523 గోల్స్, 1,375 పాయింట్లు. నేషనల్ లీగులో ఆడింది 33 మ్యాచులు, కొట్టింది ఒక్క గోల్. ప్రతిభ లేదని కొట్టిపారేయడం సులువు. కానీ అతని కాలంలో పెద్ద లీగులో ఉన్నవి ఆరే జట్లు. మొత్తం ఉద్యోగాలు సుమారు 120. 1967లో జట్ల సంఖ్య ఒక్కసారిగా 12కి పెరిగేనాటికి మార్షల్‌కు 35 ఏళ్ళు. ఇప్పుడు జట్లు 32. అదే మనిషి, అదే చేయి, ముప్పై ఏళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే కథ వేరేగా ఉండేది. పైమెట్టు ఎవరిదన్నది ప్రతిభ ఒక్కటే తేల్చదు. కుర్చీలు ఎన్ని ఉన్నాయన్నది కూడా తేలుస్తుంది. కుర్చీల లెక్కను మనిషి తప్పుగా రాయడం న్యాయం కాదు. డాన్ చెరీ కూడా నేషనల్ లీగులో ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, 1955లో. మిగిలిన ఆట జీవితం కింది లీగుల్లోనే. అక్కడ అమెరికన్ లీగ్ విజేతకు ఇచ్చే కాల్డర్ కప్పును నాలుగుసార్లు గెలిచాడు. ఆ కింది లీగుల చదువే అతన్ని బోస్టన్ జట్టుకు కోచ్‌గా నిలబెట్టింది.

పిట్స్‌బర్గ్‌కు తూర్పున అలగేనీ కొండల మధ్య లోయలో జాన్స్‌టౌన్. ఇక్కడికి యాత్రికులు తక్కువ. 1889 మేలో పైనున్న ఆనకట్ట తెగి 2,209 మందిని బలిగొన్న ఊరు ఇది. సిటీ హాల్ గోడ మీద 1889, 1936, 1977 వరదల నీటి మట్టాలు గుర్తు పెట్టి ఉంటాయి. అడిగితే చాలు, దారిన పోయేవాళ్ళు ఆగి ఏ గుర్తు ఏ ఏడుదో చూపిస్తారు. రెండు కేకు బిళ్ళల మధ్య తెల్లటి క్రీము పెట్టిన ‘గాబ్’ ఇక్కడి తీపి. ఉక్కు మిల్లులు చాలావరకు మూతపడ్డాయి. ఊరి నడుమ 1950లో కట్టిన వార్ మెమోరియల్ అరీనా ఉంది; పాల్ న్యూమన్ నటించిన ‘స్లాప్ షాట్’ సినిమా ఇక్కడే తీశారు. మిల్లు మూతపడబోయే ఊళ్ళో, అమ్ముడుపోతుందో లేదో తెలియని జట్టు కథ అది. రాసిన నాన్సీ డౌడ్ సోదరుడు నెడ్ నిజంగానే జాన్స్‌టౌన్ జెట్స్ ఆటగాడు. రౌడీ అన్నదమ్ముల పాత్రలు ఆ జట్టులోని కార్ల్‌సన్ సోదరుల మీద అల్లినవే. ముగ్గురూ నటించాల్సింది, కానీ షూటింగ్ సమయానికి జాక్ కార్ల్‌సన్‌కు పై జట్టు నుంచి పిలుపొచ్చింది. అతని బదులు డేవ్ హాన్సన్ నటించాడు. సినిమా 1977లో విడుదలైంది. ఆ ఏడాది జులై వరదతో జెట్స్ జట్టే లేకుండా పోయింది. 1988లో సినిమాలోని జట్టు పేరే పెట్టుకుని చీఫ్స్ వచ్చారు, ఈసీహెచ్ఎల్‌ను మొదలుపెట్టిన ఐదు జట్లలో ఒకటిగా. 2010లో వాళ్ళూ గ్రీన్‌విల్‌కు తరలిపోయారు. ఆటగాళ్ళు ఊళ్ళు మారతారని అంటాం కానీ, ఇక్కడ జట్టే ఊరు మారింది.

అసలైన అభ్యంతరానికి ఇంతకంటే తగిన చోటు లేదు. తక్కువ జీతం, రాత్రి బస్సులు, విరిగిన పళ్ళు, తలకు దెబ్బలు: వీటికి గౌరవం అనే పూత పూస్తే యజమానులకు సాయం చేసినట్టు కాదా? ఈ ప్రశ్నను నేను తోసిపుచ్చలేను. జట్టులో చోటు నిలుపుకోవడానికి పిడికిళ్ళనే నైపుణ్యం చేసుకున్నవాళ్ళు ఈ ఆటలో ఒక తరం పాటు ఉన్నారు. డెరెక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్ళకే నొప్పి మందులూ మద్యమూ కలిసి చనిపోయాడు. పరీక్షిస్తే మెదడులో పదేపదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే జబ్బు బయటపడింది. ‘స్లాప్ షాట్’ చూసి నవ్వే ప్రేక్షకుడు ఆ నవ్వుకి ఎవరు మూల్యం చెల్లించారో మరిచిపోకూడదు. అయితే ఈ కష్టాలన్నీ చెప్పి ‘పాపం’ అనడం కూడా ఒక రకంగా చిన్నచూపే. జాలి మనిషి పనిని చూడనివ్వదు. పనికి విలువ ఉందని ఒప్పుకుంటేనే దానికి తగిన కూలి, వైద్యం, భద్రత అడగడానికి వీలవుతుంది. ఓడినవాడికి దానం చేస్తారు, పనివాడికి బాకీ పడతారు. షోర్ మీద తిరగబడిన ఆటగాళ్ళు జాలి అడగలేదు, బాకీ అడిగారు. గౌరవం వేరు, పూత వేరు; మొదటిది లెక్క అడుగుతుంది, రెండోది లెక్క ఎగ్గొడుతుంది.

జాన్స్‌టౌన్ వదిలి పెన్సిల్వేనియా టర్న్‌పైక్ ఎక్కితే కొండల్ని తొలిచిన సొరంగాలు ఒకదాని తర్వాత ఒకటి. ఒక్కో కొండ దాటేకొద్దీ లోయలు వెడల్పవుతాయి, చెట్లు తగ్గి పొలాలు పెరుగుతాయి. కిందిలీగు బస్సులు తెల్లవార్లూ తిరిగేది ఇలాంటి దారుల్లోనే. శుక్ర, శని, ఆది వరసగా మూడు రాత్రులు మూడు మ్యాచులు ఆడడం అమెరికన్ లీగులో మామూలు. సస్క్వెహానా నది దాటాక హెర్షీ. చాక్లెట్ పొట్లాల ఆకారంలో వీధి దీపాలు. చాక్లెట్ ఎవెన్యూ, కోకో ఎవెన్యూ అని వీధుల పేర్లు. మిల్టన్ హెర్షీ ఫ్యాక్టరీతోపాటు ఊరినే కట్టాడు. 1936లో కాంక్రీటు పెంకుతో కట్టించిన ఇక్కడి పాత అరీనాలోనే 1962లో విల్ట్ చాంబర్లిన్ ఒకే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. హెర్షీ బేర్స్ జట్టు 1938 నుంచి అమెరికన్ లీగులో ఉంది, 13 కాల్డర్ కప్పులు గెలిచింది. వాషింగ్టన్ పెద్ద జట్టుకు ఇది కింది జట్టు. పిలుపొస్తే రెండు మూడు గంటల కారు ప్రయాణం. కానీ హెర్షీ జనం తమ జట్టును ఎవరి నీడగానూ చూడరు. స్టాండ్స్‌లో పక్కసీటు మనిషి కొత్తవాళ్ళకు ఆటగాళ్ళను ఇంటిపిల్లల్లా మొదటి పేర్లతో పరిచయం చేస్తాడు. ఏటా ఒక రాత్రి బేర్స్ మొదటి గోల్ కొట్టగానే ప్రేక్షకులు బొమ్మ ఎలుగుబంట్లను మంచు మీదికి విసురుతారు, అవి తర్వాత పిల్లలకు వెళతాయి. 2025 జనవరిలో అలా పడినవి లక్షకు పైనే. మార్షల్ 1958, 1959 కప్పులు గెలిచింది ఈ ఊరికే.

హెర్షీలో కనిపించే ఇంకో విషయం నా వాదనకు కీలకం. అమెరికన్ లీగ్ నిబంధన ప్రకారం, మ్యాచ్ ఆడే 18 మంది స్కేటర్లలో కనీసం 13 మంది ఎదుగుతున్న ఆటగాళ్ళే కావాలి. వాళ్ళలో 12 మంది 260 వృత్తి మ్యాచులు దాటకూడదు, ఒకరికి 320 దాకా వెసులుబాటు. మిగిలిన ఐదు కుర్చీలే అనుభవజ్ఞులకు. ముప్పై దాటిన మనిషి ఆ ఐదింటిలో ఒకదాని కోసం దేశమంతా ఉన్న తన ఈడువాళ్ళతో పోటీ పడాలి. లీగ్ మొత్తం పిల్లల కోసమే అయితే ఆ ఐదు కుర్చీలు ఎందుకు ఉంచారు? ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఓడిన రాత్రి ఎలా నిద్రపోవాలో, దెబ్బ తగిలిన మోకాలితో ఎంతవరకు ఆడొచ్చో, కోచ్ కోపంలో ఏది వినాలో ఏది వదిలేయాలో చెప్పేవాడు కావాలి గనుక. బ్రయన్ హెల్మర్‌ను ఏ జట్టూ డ్రాఫ్టు చేయలేదు. ఊళ్ళు తిరుగుతూ అమెరికన్ లీగులో అందరు డిఫెన్స్ ఆటగాళ్ళకంటే ఎక్కువ మ్యాచులు ఆడి, చివరికి బేర్స్ కెప్టెన్‌గా 2009, 2010ల్లో వరసగా రెండు కప్పులు ఎత్తాడు. తర్వాత ఆ జట్టు హాకీ వ్యవహారాలు చూసే అధికారి అయ్యాడు. నేషనల్ లీగ్ ఆటగాళ్ళలో పదికి దాదాపు తొమ్మిదిమంది అమెరికన్ లీగ్ నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళలో ఎందరికి ఇలాంటి పెద్దవాళ్ళు పని నేర్పి ఉంటారో ఏ గణాంకాల పుస్తకమూ రాయదు. వీళ్ళలో ఎవరు పోయినా ఇంకొకరు వస్తారు కదా, అంత గొప్పేముంది అనొచ్చు. వస్తారు. ఒక్కొక్కరినీ మార్చగలం, కానీ అందరినీ తీసేయలేం. తారలు లేని సీజన్ చప్పగా ఉంటుంది; వీళ్ళు లేకపోతే సీజనే ఉండదు.

అందుకే నా తీర్పు ఇది. ఏ పనిలోనైనా శిఖరం మీద పట్టేది కొందరికే. పని నడిచేది వాలు మీద నిలబడినవాళ్ళతో. పన్నెండు జట్లు తనను కోరుకునేలా ఇరవై ఏళ్ళ దగ్గర దగ్గర పని చేసిన మనిషి, ఒకే జట్టులో వెలిగిన తారకంటే తక్కువవాడు కాడు. అతని విజయం వేరే రకంది. దానికి లోకం ఇవ్వాల్సింది విగ్రహం కాదు. ముందే తెలిసిన జీతం, గాయానికి వైద్యం, పిల్లల బడి మధ్యలో ఊరు మార్చినప్పుడు చేయూత, ఆట ముగిశాక బతకడానికి ఇంకో పని నేర్చుకునే వీలు ఇవ్వాలి. చాక్లెట్ ఫ్యాక్టరీ చూడడానికి హెర్షీ వెళ్ళే తెలుగు కుటుంబాలకు ఒక మాట: చలికాలంలో వెళితే ఒక సాయంత్రం బేర్స్ మ్యాచ్‌కి కూడా వెళ్ళండి. గోల్ కొట్టినవాడికి అందరూ చప్పట్లు కొడతారు, మీరూ కొట్టండి. పక్‌కి కాలు అడ్డుపెట్టి కుంటుతూ బెంచీకి వెళ్ళేవాడికి కూడా కొట్టండి. పిల్లలు ఎందుకని అడిగితే, ఆట నడుస్తున్నది అలాంటివాళ్ళ వల్లేనని చెప్పండి.